తుప్పు పట్టిన ఆకులతో గోరంట్ల దాకా

ఉదయం ఆరుంబావుకు గార్లదిన్నె బస్టాపులో నిలబడ్డప్పుడు నా సామాను మూడే మూడు: ఒక గొడుగు, ఒక నీళ్ళ సీసా, ఒక గుడ్డసంచి. వారం రోజులుగా పట్టిన ముసురు సరిగ్గా ఆ ఉదయమే వదిలేసింది కాబట్టి గొడుగును ఊరికే మోయడమే ఆ రోజు నా వ్యాయామం. సంచిలో మాత్రం అసలు సరుకుంది. మా వేరుశనగ చేనులో కోసిన గుప్పెడు ఆకులు. చెప్పులకు బురద కాకూడదని గట్టు మీదే నిలబడి, వంగితే అందిన సాలులో, అంటే వరుసలో, కోశాను. ఆకుల అడుగున ఇటుకపొడి చల్లినట్టు చిన్న చిన్న బొడిపెలున్నాయి. వేలితో రాస్తే ఎర్రగా అంటుకుంటుంది. దాన్ని తుప్పు తెగులంటారు.

మా వైపు వానకోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేస్తాయి. ఈ ఏడు ఆలస్యంగానైనా మంచి వానలే పడ్డాయి. సంతోషించేలోపు వాటి వెనకాలే ఈ తుప్పు దిగింది. ఎండితే ఎండ మీద, తడిస్తే తెగులు మీద ఏడవడం మాకు అలవాటే కనుక ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు, నేను తప్ప. నేను రైతునై మూడేళ్ళే. అంతకుముందు ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. మా నాయన వదిలిపోయిన నాలుగెకరాలను రిటైరయ్యాక ఉద్ధరిస్తానని బయల్దేరాను. ఉద్ధరించేది నిజానికి ఓబుళమ్మ. ఆమె ఆ చేను కోరుకు చేస్తుంది. కాయల్లో సగం ఆమెది, సగం నాది. ఖర్చులూ అంతే. కాయలు కోసుకున్నాక మిగిలే ఆకూ కొమ్మా కలిపి మా వైపు కట్టె అంటారు, పశువులకు మంచి మేత. నాకు పశువులు లేవు గనుక కట్టె మొత్తం ఆమెదే. ఆమెకొక పాడి ఆవుంది.

ముందురోజు సాయంత్రం ఓబుళమ్మ గట్టు మీదికి వచ్చి చెప్పింది. "మందు కొట్టే మిషను రేపటి దాకా మనూర్లోనే ఉంటాది సార్. ఎల్లుండి పొద్దున మన చేనుకు వస్తాడంట, మనం కావాలంటేనే. లేదంటే పైయూరికి పోతాడు. పోతే మల్ల పది దినాలకు గానీ రాడు. మందు కొట్టల్నో వద్దో రేపు పొద్దు మునిగే లోపల చెప్పండి."

"శాస్త్రీయంగా తేల్చుకుని చెప్తాను," అన్నాను.

"సరే సార్," అంది. ముప్పై మూడేళ్ళ పాటు పిల్లలు "సరే సార్" అన్నప్పుడల్లా వాళ్ళకు అర్థమైందనే అనుకున్నాను. ఇప్పుడూ అలాగే అనుకున్నాను.

ఆ రాత్రే నా శాస్త్రీయ పరిశోధన ఫోనులో మొదలైంది. తుప్పుకు మందు కొడితే గిట్టుబాటవుతుందా అని అడిగితే ఫోను నన్ను ఏదో మంచు పడే దేశపు గోధుమ పొలాల్లోకి తీసుకుపోయింది. మా జిల్లాలో గోధుమ పిండి దొరుకుతుంది గానీ గోధుమ పంట చూసినవాడు లేడు. అయినా తుప్పు తుప్పే కదా అని ఆ వ్యాసం అంతా చదివి, గోధుమ తీసేసి వేరుశనగ పెట్టి, ఒక సూత్రం కూడా రాసుకున్నాను. ఆ వ్యాసం ప్రకారం మొక్క చిట్టచివరి ఆకును కాపాడుకుంటే చాలట. తెల్లారగానే వేరుశనగ మొక్కలో చిట్టచివరి ఆకు ఏదో వెతుకుతూ గట్టు మీద పావుగంట వంగి నిలబడ్డాను. దారిన పోయేవాళ్ళు ఏం పోగొట్టుకున్నావని అడిగారు.

నాతో పాటు సైన్సు చెప్పిన మిత్రుడొకాయన గోరంట్ల దగ్గర నారాయణప్ప అనే రైతు గురించి ఎప్పుడో చెప్పాడు. ఆ రైతు ఏటా చేనంతా మందు కొట్టి నాలుగు సాళ్ళు మాత్రం కొట్టకుండా వదిలేస్తాడట, తేడా చూడ్డానికి. ఫోను చేసి అడగొచ్చు కదా అని మీరనొచ్చు. మా ఆవిడా అదే అంది. ప్రత్యక్ష ప్రమాణం ముఖ్యమని ఆవిడకు ఒక చిన్న ఉపన్యాసమిచ్చి బయల్దేరాను.

బస్సు ఆరూ ఇరవైకి వచ్చింది. ఏడు దాటుతుండగా అనంతపురంలో దిగాను. మందుల షాపు తెరిచేది ఎనిమిదికి కాబట్టి బస్టాండు ఎదురు సందులో బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నా సలహా: బజ్జీ వేడిగా ఉన్నప్పుడే తినండి, ఉగ్గాని ఎప్పుడైనా తినొచ్చు. ఆ రోజంతటిలో నేను పూర్తి నమ్మకంతో చెప్పగలిగిన మాట ఇదొక్కటే.

షాపు మంజునాథది. తండ్రి కాలం నుంచి విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్ముతున్న కుటుంబం. మంజునాథ నా దగ్గరే చదువుకున్నాడు. పదో తరగతిలో లెక్కల్లో తప్పాడు కూడా. అవసరం లేని డబ్బాలన్నీ నాకు అంటగట్టాలని చూస్తాడని ఊహించి, ఎలా తిప్పికొట్టాలో దారి పొడవునా సాధన చేసుకున్నాను. ఆకులు బల్ల మీద పరిచాను. అతను ఒక ఆకు తిరగేసి చూశాడు.

"తుప్పే సార్. బాగా ముదిరిండాది. విత్తి ఎన్ని దినాలాయ?"

"తొంభై నాలుగు," అన్నాను తడుముకోకుండా. తేదీలు మరిచిపోయే మనిషిని కాను. మృగశిర కార్తెలో పంచాంగం చూసి, విత్తే గొర్రుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, మొదటి సాలు నా చేత్తోనే విత్తాను. నేల పొడిగా ఉందని రెండు బిందెల నీళ్ళు కూడా మోసి పోశాను. ఇంటికొచ్చి కేలెండర్లో ఆ రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. ఇంతకన్నా పక్కా ఆధారం ఏ రైతు దగ్గరుంటుంది?

"తొంభై నాలుగా? అయితే ఇంగేం మందు సార్. పది పదైదు దినాల్లో పీకేస్తారు. ఈ టైములో మందు కొడితే దుడ్లు నేలలో పోసినట్లే. నేను అమ్మను పోండి."

మోసపోవడానికి సిద్ధమై వెళ్ళినవాడికి నిజాయితీ ఎదురైతే ఎంత నిరాశగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. నా వాదనలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అలాగని నేను ఊరుకునే రకమా? అమ్మనంటున్నాడంటే సరుకు అయిపోయిందేమో, లెక్కల్లో తప్పినవాడి మాట మీద నాలుగెకరాల సంగతి తేల్చడమేమిటి అనుకుంటూ స్టేషనుకు నడిచాను.

ఎనిమిదీ ముప్పావుకు రావాల్సిన బండి తొమ్మిదిన్నరకు వచ్చింది. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆకులకు గాలి తగలాలని సంచి మూతి విప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదురు సీటులో పుట్టపర్తికి సేవకు వెళ్తున్న ఒక పెద్దావిడ సంచిలోకి భక్తిగా చూసింది.

"ఏం పత్రి సామీ అది? పూజకా?"

"కాదమ్మా. రోగమొచ్చిన ఆకులు."

ఆవిడ తన టిఫిన్ డబ్బా అవతలి పక్కకు జరుపుకుంది. "రోగమొస్తే ఆసుపత్రికి తీస్కపోతారు గానీ ఇట్ల రైళ్ళల్లో తిప్పుతారా సామీ?" అంది. పెట్టెలో నలుగురు నవ్వారు. నేను కూడా నవ్వినట్టు ముఖం పెట్టి కిటికీ వైపు తిరిగాను. ధర్మవరం దాటాక చూస్తే నా తెల్ల చొక్కా పొట్ట మీద ఎర్రటి పొడి అంటుకుని ఉంది. దులిపితే ఇంకా పూసుకుంది.

పుట్టపర్తి స్టేషనులో దిగి, షేరు ఆటోలో ఊళ్ళోకి వచ్చేసరికి పదకొండుంబావు. వీధులు శుభ్రంగా ఉన్నాయి. చొక్కా మీద తుప్పుతో, చేతిలో గొడుగుతో ఆ శుభ్రంలో నడవడానికి నాకే మొహమాటమైంది. గోరంట్ల బస్సు పదకొండూ నలభైకి బయల్దేరింది. దారంతా బోడికొండలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, ఎర్ర నేల, మధ్యమధ్య మల్బరీ తోటలు. పక్కన కూర్చున్న లుంగీ మనిషి నా సంచి చూసి, అడగకుండానే ఒక ఆకు తీసి తిరగేశాడు.

"ఎన్ని దినాలది?"

"తొంభై నాలుగు."

"అయితే ఆకెందుకు చూసుకుంటాండావు? పీకేదానికి కూలోళ్ళను చూసుకో పో," అని ఆకు కిటికీలోంచి పారేశాడు. నా నమూనాల్లో ఒకటి అలా నష్టపోయినా మనసు కుదుటపడింది. షాపువాడూ, రైతూ ఒకే మాట అన్నారంటే లెక్క సరిపోయినట్టే. ఇక నారాయణప్ప కూడా అదే అంటే చాలు, ఓబుళమ్మకు దర్జాగా చెప్పొచ్చు.

గోరంట్లలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఆరు కిలోమీటర్లు. చేను దగ్గర దిగేసరికి ఒంటిగంట కావస్తోంది. నారాయణప్ప అరవై దాటిన మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. నేను నమస్కారం పెట్టి, సంచి చూపించి, రెండడుగులు చేనులోకి వేశానో లేదో గట్టిగా ఒక అరుపు వినిపించింది.

"ఆడే నిలబడప్పా! సంచిలో ఏముండాది?"

"తుప్పు పట్టిన ఆకులు. మీకు చూపిద్దామని..."

"దేవుడా! నా చేను కడిగినట్లుండాది. ఇంతవరకు ఒక్క మచ్చ ల్యా. రోగాన్ని సంచిలో వేసుకోని జిల్లా దాటించి తెచ్చినావా? వెనక్కి పో, రోడ్డు మీదికి పో!"

నేను రోడ్డు మీదికి పోయాను. ఆయన అక్కడికే వచ్చి, నా సంచిని కర్రతో ఎత్తి దూరంగా రాళ్ళ మధ్య పెట్టి, ఎండు పుల్లలు వేసి అంటించాడు. నూట పాతిక కిలోమీటర్లు మోసుకొచ్చిన నా ప్రత్యక్ష ప్రమాణం సంచితో సహా రెండు నిమిషాల్లో బూడిదైంది. తర్వాత ఆయన చూపు నా చొక్కా మీద పడింది.

"అది గూడా ఇప్పు."

రిటైరైన ప్రధానోపాధ్యాయుణ్ణైన నేను (చివరి ఎనిమిది నెలలు ఇన్‌ఛార్జిగా చేశాను) బోరు దగ్గర చొక్కా ఉతికి ముళ్ళకంచె మీద ఆరేసి, ఆయనిచ్చిన తువ్వాలు భుజాన వేసుకుని షెడ్డులో కూర్చున్నాను. ఆ తర్వాతే ఆయన మర్యాదలు మొదలుపెట్టాడు. రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టించాడు. చేనులోకి రానివ్వకపోయినా కడుపుకు మాత్రం లోటు చేయలేదు. సంగటి తింటూ అడిగాను, అసలు మందు కొడితే గిట్టుతుందా లేదా అని.

"గిట్టుతాది, గిట్టదు," అన్నాడు. "తెగులు రాని ఏడు కొడితే దండగ. వచ్చిన ఏడు దినాలు చూడల్ల. డెబ్బై దినాల పైరుకు వస్తే ఆ పొద్దే కొట్టల్ల. కొట్టకుంటే ఆకు రాలిపోయి, తొడిమ సత్తువ పోతాది. పీకితే చెట్టు చేతికొస్తాది గానీ కాయ నేలలోనే ఉండిపోతాది. నా నాలుగు సాళ్ళలో రెండేండ్లు చూసినా. తొంభై దాటినాక వస్తే ఒదిలేయల్ల. నీది ఎంత?"

"తొంభై నాలుగు."

"అయితే ఒదిలేయ్. కాయ ఒలిచి చూసినావా? తోలు లోపల నల్లగా అయిందా? అయితే కాయ ముదిరినట్లు."

"కాయ తేలేదండీ. ఆకులే తెచ్చాను."

"జరమొచ్చినోన్ని ఇంట్లో పండబెట్టి వాని చొక్కా తీస్కోని డాక్టరు దగ్గరికి పోయినట్లుండాది నీ కథ," అన్నాడు. ముళ్ళకంచె మీద ఆరుతున్న నా చొక్కా అప్పుడే గాలికి ఊగింది.

చెయ్యి కడుక్కుంటుంటే మళ్ళీ అడిగాడు. "పశువులుండాయా నీకు?"

"లేవు. కట్టె మొత్తం ఓబుళమ్మది, చేను కోరుకు చేసే ఆమెది. ఆమెకు ఆవుంది."

"మరి ఆయమ్మ ఏమనె?"

"ఆమెను అడగలేదు."

"అడగలేదా?" ఆయన చెంబు కింద పెట్టాడు. "కాయ వరకే అయితే ఆకు పోతే పోనీ అంటాము. ఆకు పోతే ఇంగ కట్టె యాడుంటాదప్పా? ఉత్త పుల్లలు. నీదేం పోతాది? పొద్దున్నుంచి ఎవురి ఆకు పోతే పోనీ అని లెక్కేస్తాండావు నువ్వు?"

నా సూత్రంలో మందు ధర ఉంది, మిషను బాడుగ ఉంది, కాయల ధర ఉంది, గోధుమ వ్యాసంలోంచి తెచ్చిన శాతాలు కూడా ఉన్నాయి. ఓబుళమ్మ ఆవు ఎక్కడా లేదు. కట్టె నాకు రానిది కాబట్టి లెక్కలోకి రానేలేదు. సిగ్గుపడ్డాను. నవ్వించడానికి రాస్తున్న ఈ యాత్రలో ఈ ఒక్కచోట నవ్వేమీ లేదు.

తడి ఆరని చొక్కా వేసుకుని రెండున్నరకు బయల్దేరాను. మూడుంబావుకు గోరంట్లలో బస్సెక్కితే నాలుగుంబావుకు పుట్టపర్తి, అక్కడ అయిదు నిమిషాల్లో అనంతపురం బస్సు దొరికింది. ఎడమవైపు కూర్చోకండి, పడమటి ఎండ మొహాన కొడుతుందని ఎవరో చెప్పారు. చెప్పినాయన ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్ళే బస్సు గురించి చెప్పాడో గానీ ఎండ మొహానే కొట్టింది. ఊరు దాటాక ఫోను తీశాను. పొద్దు మునగడానికి ఇంకా గంటన్నర పైనే ఉంది.

"ఓబుళమ్మా, ఒక మాట. ఆకు రాలిపోతే నీ ఆవుకు మేత ఎట్లా?"

"ఇప్పుడు అడుగుతాండారా సార్," అంది. "ఏముండాది, కొనల్ల. కొనలేకుంటే ఆవును సంతకు తోలల్ల. పోయినేడు బర్రెను తోలింది అట్లనే కదా."

బర్రెను అమ్మిందని తెలుసు. ఎందుకని అడగలేదు. "నిన్న నాతో ఎందుకు అనలేదు ఈ సంగతి?"

"ఎట్లనేది సార్? మందు ఖర్చులో సగం మీది, కట్టె అంతా నాది. నా ఆవు మేతకు మీతో దుడ్లు పెట్టించినట్లుంటాది. నోరు రాలా."

బస్సు గతుకుల్లో ఎగిరింది. నేను కిటికీ కమ్మీ పట్టుకున్నాను. "నేను అడగాల్సింది," అన్నాను. "తప్పు నాదే. కానీ ఇక్కడ అందరూ వద్దనే అన్నారు. తొంభై నాలుగు రోజుల పైరుకు ఇప్పుడు కొట్టినా పెద్దగా ఒరిగేది లేదట. మేత సంగతి వేరే ఏదైనా..."

"యా తొంభై నాలుగు సార్?"

"మన చేనుదే. మృగశిరలో విత్తాం కదా. కేలెండర్లో రాసి పెట్టాను."

"అయ్యో సార్!" ఈసారి ఆమె గొంతు ఫోను దాటి పక్క సీటు దాకా వినిపించింది. "అది ముహూర్తం సాలు కదా! మంచిరోజని ఒక్క సాలు మీరు విత్తి పోయినారు. వాన యాడుండె అప్పుడు? చేనంతా విత్తింది పీర్ల పండగకు రెండు దినాలు ముందర. మీరు కంటికి పట్టీ కట్టుకోని బెంగుళూర్లో ఉంటిరి. వానొచ్చింది, విత్తినాము అని ఫోన్ చేస్తి. మంచిదమ్మా అంటిరి!"

అన్నాను. నిజమే. కంటి ఆపరేషనై, కళ్ళలో చుక్కలు వేయించుకుంటూ "మంచిదమ్మా" అన్నాను. మా వైపు ఎవరైనా అంతే, మంచిరోజు పోకూడదని ఒక సాలు విత్తి కొబ్బరికాయ కొడతారు, అసలు విత్తనం వానొచ్చాకే. ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ పని స్వయంగా చేశానన్న గొప్పలో నా ఒక్క సాలే నాకు నాలుగెకరాలైంది. బస్సులో వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. రెండుసార్లు పెట్టాను. డెబ్బై మూడు.

"ఆకులు యాడ కోసినారు సార్?" ఆమె వదల్లేదు.

"గట్టు పక్కన."

"అదే మీ సాలు! మీరు బిందెలతో నీళ్ళు పోస్తిరి కదా, ముందే మొలిచె. ముందే మొలిచిందానికి ముందే తగులుకునె. లోపల చేన్లో ఇంగా కింది ఆకుల్లోనే, ఆడొకటి ఈడొకటి."

అంటే తెల్లవారినప్పటి నుంచి నేను రెండు బస్సులు, ఒక రైలు, రెండు ఆటోలు మారి, పెద్దావిడ టిఫిన్ డబ్బాను భయపెట్టి, నారాయణప్ప చేను గట్టు దాకా మోసుకుపోయింది చేను రోగం కాదు, నా సాలు రోగం. అందరూ సరైన సలహానే ఇచ్చారు, నేను చెప్పిన తప్పు పైరుకు. డెబ్బై దినాల పైరుకు వస్తే ఆ పొద్దే కొట్టాలని నారాయణప్ప తేటతెల్లంగా చెప్పాడు. ఆ మాట నాది కాదనుకుని సంగటితో పాటు మింగేశాను.

"నువ్వేమంటావు ఓబుళమ్మా?" అని అడిగాను. మూడేళ్ళలో ఈ ప్రశ్న నేను అడగడం అదే మొదలనుకుంటా.

"కొడదాం సార్," అంది వెంటనే. ఆ మాట ఎప్పట్నుంచో ఆమె నోట్లోనే ఉన్నట్టుంది.

"అయితే మిషనతనికి ఇప్పుడే చెప్పు. మందు నేను తెస్తాను. ఒక నాలుగు సాళ్ళు మాత్రం కొట్టకుండా వదిలించు, తేడా చూద్దాం. వాటి నష్టం నా వాటాలో వేసుకో, కట్టెతో సహా."

అనంతపురంలో దిగేసరికి ఆరూ నలభై. మంజునాథ షట్టరు సగం దించుతున్నాడు. వంగి లోపలికి దూరాను. నాలుగెకరాలకు తుప్పు మందు కావాలన్నాను.

"పొద్దున్నే చెప్పినా కదా సార్, తొంభై నాలుగు దినాలకు..."

"డెబ్బై మూడు," అన్నాను.

అతను షట్టరు మీద చెయ్యి అలాగే ఉంచి నన్ను చూశాడు. "పొద్దున తొంభై నాలుగు, సాయంత్రానికి డెబ్బై మూడా సార్?"

జరిగింది చెప్పాను. అతను నవ్వకుండా విన్నాడు. డబ్బాలు దించాడు, ఎకరానికి ఎంతో, ట్యాంకుకు ఎంతో, కొట్టాక ఎన్నాళ్ళు పశువుకు మేత పెట్టకూడదో డబ్బా మీద రాసింది వేలు పెట్టి చదివించాడు. అన్నీ సంచిలో వేసిచ్చాక మెల్లగా అన్నాడు. "మీ దగ్గర లెక్కల్లో తప్పినందుకు ఇరవై ఏండ్లు బాధపడినా సార్. ఈ పొద్దుతో పోయింది."

గార్లదిన్నె బస్సు ఏడుంబావుకు దొరికింది. జనం తక్కువ. మందు సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎందుకైనా మంచిదని దాని మూతి గట్టిగా ముడివేశాను. ఆ తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎవరైనా ఈ దారిన వెళ్ళాలనుకుంటే పనికొస్తుంది. అయిదు వారాలకు చేను పీకాం. మందు కొట్టిన చోట చెట్టుతో పాటు కాయలూ గుత్తులుగా పైకొచ్చాయి. వదిలేసిన నాలుగు సాళ్ళలో చెట్లు తేలిగ్గా చేతికొచ్చాయి, కాయలు చాలావరకు నేలలోనే ఉండిపోయి కూలివాళ్ళు వేళ్ళతో తవ్వి ఏరుకోవాల్సి వచ్చింది. ఆ సాళ్ళ కట్టె ఓబుళమ్మ ఆవు ముందు పడేసి చూశాను. అది ఒకసారి వాసన చూసి, నావైపు కూడా ఒకసారి చూసి, ఆకున్న కట్టె వామి దగ్గరికి పోయింది. నాకైతే మందు గిట్టింది, కొద్దిగా. ఆమెకు బాగా గిట్టింది, ఆవు కొట్టంలోనే ఉంది. ఒక చేను, ఒక ఏడు చూసి ఇదే సూత్రమని రాసుకోకండి. మీ పైరు ఎప్పుడు విత్తారో, విత్తినవాళ్ళను అడిగి బయల్దేరండి. సూత్రాల మీద నా నమ్మకం గోరంట్ల దారిలో సంచితో పాటే కాలిపోయింది.

మళ్ళీ ఆ సాయంత్రానికి వస్తాను. ఎనిమిదికి గార్లదిన్నెలో దిగేసరికి మందు తీసుకోవడానికి ఓబుళమ్మ బస్టాపులో నిలబడి ఉంది. మిషనతను పొద్దున ఆరుకే వస్తాడని చెప్పింది. కొంగులోంచి ఒక వేరుశనగ చెట్టు తీసి, షాపు దీపం వెలుతురులో ఒక కాయ పగలగొట్టి నా చేతిలో పెట్టింది. తోలు లోపల ఇంకా తెల్లగా ఉంది.

"చూడండి సార్. ఇంగా నెల పైన పడతాది దీనికి."

ఇంత చిన్న కాయలో ఉన్న జవాబుకోసం నేను ఉదయం ఆరు నుంచి తిరిగాను. ఆ చెట్టు మొలిచింది మా చేను గట్టుకు పది అడుగుల లోపలే, చెప్పులకు బురద అంటుకునే చోట. ఆమాటే ఆమెతో అన్నాను. వచ్చే ఏడు ముహూర్తం సాలు జోలికి పోనని కూడా అన్నాను.

"అట్లనొద్దు సార్," అంది ఓబుళమ్మ మందు సంచి భుజానికెత్తుకుంటూ. "మొదటి సాలు మీరే విత్తండి. మీ చెయ్యి మంచిదే. దినాలు మాత్రం నేను లెక్కబెడతా."

"సరే ఓబుళమ్మా," అన్నాను. ఈసారి ఆ మాటకు అర్థం తెలిసే అన్నాను.